బండికీ ముల్కీ కావాల్నా?

తొర్రూరులో మా దోస్తు ఇంటి ముందు వేపచెట్టు కింద తొమ్మిది నెలల సంది ఒక కారు నిలబడి ఉన్నది. ప్రీమియర్ పద్మిని. 1984ల రోడ్డెక్కిన బండి. తాళం తిప్పితే ఇంజను అందుకుంటది. బ్రేకు పడుతది. లైట్లు వెలుగుతయి. అయినా అది ఊరు దాటదు. దానికి తక్కువైంది పెట్రోలు కాదు, కాగితం.

వారానికొకసారి సోలాపూర్ నుంచి ఫోన్ వస్తది. అవతల ఎనభై ఏండ్లకు దగ్గర పడ్డ ముసలాయన. "బిడ్డా, నా పేరు మీదికెల్లి బండి దిగిందా?" అని అడుగుతడు. "ఇంకా లేదు తాతా" అంటం. "నేను పోయేలోపల దింపుండ్రి. నా పేరు మీద పోలీసు కాగితం రావద్దు బిడ్డా" అంటడు. ఆయనకు చెప్పేటందుకు మా దగ్గర జవాబు లేదు. జవాబు చెప్పాల్సినోళ్లు వేరే ఉన్నరు. వాళ్లను అడిగేటందుకే ఈ రాత.

ఎందుకు కొన్నం?

మేము ముగ్గురం. డిగ్రీ చదివే రోజుల్లో ఉద్యమంలకు వచ్చినోళ్లం. 2011 మార్చి 10న మిలియన్ మార్చ్‌కు పోయినోళ్లం. అదే ఏడు సకల జనుల సమ్మెల రోడ్డు మీద వంట చేసుకొని తిన్నోళ్లం. మాలో ఒకరి నాయిన తొర్రూరు నుంచి వరంగల్‌కు అద్దె కారు తోలి ఇల్లు నడిపిండు. అది పద్మినే. జనం మాత్రం ఫియట్ అనే అన్నరు. స్టీరింగు పక్కన గేరు, ముందు సీట్ల కూడ ముగ్గురు. కాన్పుకు దవాఖానకు పోవాలన్నా, పెండ్లి పిల్లను తేవాలన్నా, శవాన్ని ఊరికి చేర్చాలన్నా ఆ బండే. ఆయన పోయినంక కొడుకుకు అటువంటి బండి ఒకటి ఇంటి ముందుండాలె అనిపించింది. గంతే. షోకు కాదు, వ్యాపారం కాదు.

బండి సోలాపూర్ల దొరికింది. అమ్మినాయన మన పాత వరంగల్ జిల్లా పద్మశాలి. మగ్గం తిండి పెట్టని కాలంల వలసపోయి, పవర్‌లూమ్ మీద నిలబడి, చేతిల నాలుగు పైసలు ఆడినప్పుడు కొన్న కారు. ఈ కారు తయారుచేసిన ప్రీమియర్ కంపెనీని 1944ల పెట్టిన వాల్‌చంద్ హీరాచంద్ పుట్టిందీ సోలాపూర్లనే. దసరాకు దసరాకు ఈ కారుల ఆయన సొంతూరికి వచ్చేది. కొడుకులు పుణెల స్థిరపడ్డరు, వాళ్లకు పాత బండి వద్దు. "స్క్రాపుకు ఇయ్య బుద్ధి గాలె. మన ఊరి దిక్కే పోనీ" అని 45 వేలకు మాకు ఇచ్చిండు. సోలాపూర్ల పొద్దున బయలుదేరి, ఉమర్గా దాటి, కర్ణాటకల హుమ్నాబాద్ దాటి, జహీరాబాద్ల మన నేల మీద పడ్డం. ఒక్క రోజుల మూడు రాష్ట్రాలు. బండి ఎక్కడా ఆగలే. కాగితమే ఆగింది.

చట్టం ఏమంటది?

అమెరికాల ఉన్న మనోళ్లు దాన్ని టైటిల్ అంటరు. మనకాడ ఆర్‌సీ. 1988 మోటారు వాహనాల చట్టం దాని గురించి చెప్పిన లెక్క కష్టమైనదేం కాదు. ఒక రాష్ట్రంల రిజిస్టరైన బండి దేశమంతటా చెల్లుతది అని 46వ సెక్షన్. వేరే రాష్ట్రంల 12 నెలలు దాటి ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాలె అని 47వ సెక్షన్. దానికి పాత ఆఫీసు నుంచి నిరభ్యంతర పత్రం, అంటే ఎన్‌వోసీ తేవాలె అని 48వ సెక్షన్. కొన్నోడు 30 రోజుల్ల తన ఆఫీసుకు చెప్పాలె అని 50వ సెక్షన్. ఫారం 28, 29, 30, 27. నాలుగు ఫారాలు. నింపినం, సంతకాలు పెట్టించినం, ఇచ్చినం.

48వ సెక్షన్లనే ఇంకో మాట ఉన్నది. ఎన్‌వోసీ అడిగిన 30 రోజుల్ల ఇయ్యకపోతే, ఇయ్యమని రాసి చెప్పకపోతే, ఇచ్చినట్టే లెక్క. కాదనేటట్టుంటే కారణం కాగితం మీద రాయాలె. ఈ ముక్కను మేము ఆఫీసు కిటికీ కాడ చదివి వినిపించినం. లోపలి మనిషి నవ్విండు. "చట్టం ఇచ్చినట్టే లెక్క అంటది సార్, సిస్టం తీసుకోదు" అన్నడు. పార్లమెంటు చేసిన చట్టం కంటే టేబుల్ మీది కంప్యూటర్ పెద్దదైంది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమియ్యలేదంటరు గదా, గదే.

ఆఫీసు పేరు రాయం. ఒక్క ఆఫీసు మీద, ఒక్క మనిషి మీద కోపం తీర్చుకునేటందుకు రాస్తలేం. పేరు రాస్తే ఆ ఒక్కరిని బదిలీ చేసి చేతులు దులుపుకుంటరు. రోగం మాత్రం అన్ని కిటికీల వెనుక అట్లనే కూర్చుంటది.

మూడు ఎనిమిదైంది

ఎన్‌వోసీ చివరికి వచ్చింది. అప్పుడు అసలు కథ మొదలైంది. బండిని తనిఖీకి పెట్టినం. ఇంజను మీద గుద్దిన నంబరుల ఒక అంకె 3. ఆర్‌సీల అదే అంకె 8. నలభై ఏండ్ల కింద ఏ గుమస్తా చేతుల కలం వంకర తిరిగిందో, 3 కాస్త 8 అయింది. చాసిస్ నంబరు అక్షరం పొల్లుపోకుండ కలిసింది. పెన్సిల్ రుద్ది తీసిన అచ్చు కూడ ఫైల్ల ఉన్నది. అయినా "ఇంజను మార్చిండ్రేమో, దొంగ బండేమో, సోలాపూర్ పోయి దిద్దించుకొని రండ్రి" అన్నరు. సోలాపూర్ పోయినం. "ఎన్‌వోసీ ఇచ్చినం, బండి మా లెక్కల లేదు, మీ తెలంగాణల దిద్దించుకోండ్రి" అన్నరు. ఇక్కడికొస్తే అక్కడికి పొమ్మంటరు, అక్కడికి పోతే ఇక్కడికి పొమ్మంటరు. అమ్మ పెట్టదు, అడుక్క తిననియ్యదు.

ఆఫీసు బయట మాత్రం ఒకాయన దొరికిండు. ఏజెంటు. "ఎనిమిదిని మూడు చేసుడు ఎంత పనన్నా?" అని రేటు చెప్పిండు. మేము ఇయ్యలే. ఇస్తే వారంల ఆర్‌సీ చేతికొచ్చేదేమో. ఒక్కటి అడుగుతున్నం: కిటికీ లోపల సాధ్యం కాని పని కిటికీ బయట ఎట్ల సాధ్యమైతది? సిస్టం తీసుకోదన్న అంకె పైసలు చూస్తే ఎట్ల తీసుకుంటది? ఇప్పటికి తిరుగుళ్ల ఖర్చే కారు ధరల సగం దాటింది. ఆ సగం బస్సులకు, లాడ్జీలకు, జిరాక్సులకు పోయింది. లంచానికి పోలే. గందుకే ఫైలు కూడ ముందుకు పోలే.

ఇది నవ్వులాట ముచ్చట కాదు. చట్టం ప్రకారం ఆర్‌సీల ఎవరి పేరుంటే వాళ్లే ఓనరు. 2018ల నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసుల సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది: బండి అమ్మేసినా, ఎన్ని చేతులు మారినా, రికార్డుల పేరు మారకపోతే ప్రమాదం జరిగినప్పుడు పరిహారం బాధ్యత రికార్డుల ఉన్న ఓనరుదే. అంటే రేపు ఈ బండి కింద ఎవరన్న పడితే నోటీసు సోలాపూర్ల మంచం మీదున్న ముసలాయనకు పోతది. ఆయన చేసిన తప్పేంది? బండి అమ్మిండు, సంతకం పెట్టిండు, ఫారం ఇచ్చిండు. కొన్న మేమేం తప్పు చేసినం? చెప్పిన గడువుల దరఖాస్తు ఇచ్చినం. తప్పు చేసిన గుమస్తా పింఛను తీసుకుంటనో, కాలం చేసో ఉంటడు. శిక్ష మాత్రం తప్పు చెయ్యనోళ్లకు. గందుకే బండిని కదిలిస్తలేం. ఆ పెద్దమనిషి మీది గౌరవమే దానికి హ్యాండ్ బ్రేకు.

నంబరు ప్లేటు మన జెండా

నంబరు ప్లేటు సంగతి తెలంగాణోళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఉద్యమంల ఏపీ అక్షరాల మీద టీజీ అని రాసుకొని తిరిగినోళ్లం మనం. పోలీసులు ఆపి చలానా రాస్తే జేబుల రసీదు మడిచి పెట్టుకొని, అదే ప్లేటుతోని మళ్ల రోడ్డెక్కినోళ్లం. తీరా 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చినంక మనకిచ్చింది టీఎస్. ఆ నెలల్నే పాత ఏపీ నంబర్లన్నీ మార్చుకోవాలె అన్న మాట వచ్చింది. విషయం హైకోర్టుకెక్కింది. జనం గగ్గోలు పెట్టిండ్రు. చివరికి పాత నంబర్లు పాత నంబర్లుగనే ఉన్నయి. ఇయ్యాల్టికీ తొర్రూరు రోడ్ల మీద ఏపీ 36 బండ్లు తిరుగుతనే ఉన్నయి. 2016 అక్టోబర్ల తొర్రూరు వరంగల్ నుంచి మహబూబాబాద్ జిల్లాలకు పోయింది, కొత్త బండ్లకు నంబరు 26 అయింది. 2024 మార్చిల టీఎస్ పోయి టీజీ వచ్చింది. మనం గోడల మీద రాసుకున్న అక్షరాలే సర్కారు ప్లేటు మీదికి వచ్చినయి. సంతోషమే. కొత్త ప్లేటు చూసి మేము కూడ మిఠాయి పంచినం.

ఇప్పుడు అడగాల్సిన ప్రశ్న: అక్షరాలు రెండు సార్లు మారినయి, కిటికీ ఒక్కసారన్న మారిందా? దేశంల దాదాపు అన్ని రాష్ట్రాల బండ్ల లెక్క వాహన్ అనే కేంద్ర పోర్టల్ల ఉంటే, మన రాష్ట్రం ఏండ్ల తరబడి దానికి బయట సొంత సాఫ్ట్‌వేర్‌తోనే నడిచింది. అక్కడి ఆఫీసు రికార్డు ఇక్కడోళ్లకు కనపడదు, ఇక్కడిది అక్కడోళ్లకు కనపడదు. నడుమ మనిషి సంచి భుజానేసుకొని తిరగాలె. మనం ప్రత్యేక రాష్ట్రం కావాలన్నం. ప్రత్యేక కంప్యూటర్ కావాలని ఎవరన్న అడిగిండ్రా?

లైఫ్ అంటే ఎన్ని లైఫులు?

ఇగ పన్ను. 1984 బండికి మహారాష్ట్రల కట్టాల్సిన పన్నంతా కట్టి, బాకీ లేదని రాయించుకుంటేనే ఎన్‌వోసీ వచ్చింది. ఇక్కడికి వచ్చినంక మళ్ల లైఫ్ ట్యాక్స్ లెక్క. దానికి బండి అసలు ధర కావాలె, ఇన్‌వాయిస్ తెమ్మన్నరు. నలభై ఏండ్ల కిందటి బిల్లు! బండి తయారుచేసిన కుర్లా ఫ్యాక్టరీలనే పద్మిని తయారీ బందై పాతికేండ్లయింది. బొంబాయిల చివరి పద్మిని ట్యాక్సీ 2023 అక్టోబర్ల రోడ్డు దిగింది. బిల్లు ఎవరిని అడగాలె?

ఇక్కడ మమ్మల్ని అడిగేటోళ్లు ఉన్నరు. "మా వనరులు మాకే కావాలని కొట్లాడినోళ్లు, మీ రాష్ట్రానికి పన్ను కట్టుమంటే ఏడుస్తరేంది?" అని. మంచి ప్రశ్న. బండి మన రోడ్ల మీద తిరిగితే మన రోడ్లకు పైసలు రావాలె. అది న్యాయమే. మేము కాదనం. దొంగ బండ్లు సరిహద్దు దాటి అమ్ముడుపోతున్నయి, పోలీసు విచారణ కావాలె. అదీ న్యాయమే. కానీ లైఫ్ ట్యాక్స్ అన్న మాటకు అర్థం ఉండాలె గదా! ఒక బండికి ఎన్ని లైఫులు? రాష్ట్రానికొక లైఫా? సోలాపూర్ల ఒకటి, తొర్రూరుల ఒకటి, రేపు పిల్లల చదువుకు బెంగళూరు పోతే అక్కడొకటా?

బెంగళూరు అంటే యాదికొచ్చింది. కర్ణాటక 2014ల చట్టం సవరించి, బయటి బండి 30 రోజులు దాటితే లైఫ్ ట్యాక్స్ కట్టాలె అన్నది. అక్కడ ఐటీ కొలువులు చేసే మన వరంగల్, నల్లగొండ పిలగాండ్లు రోడ్డు మీద ఎన్ని తిప్పలు పడ్డరో వాళ్లనడిగితే చెప్తరు. ఆ సవరణను కర్ణాటక హైకోర్టు కొట్టేసింది. మన పిలగాడు అక్కడ పడితే అన్యాయం అన్నం. అదే పని మనం ఇక్కడ చేస్తే న్యాయం ఎట్లయితది?

దారి లేక కాదు. వాహనాల మీద పన్ను రాష్ట్రాలదని రాజ్యాంగం రాష్ట్ర జాబితా 57వ పద్దుల రాసింది. ఆ పన్ను ఏ సూత్రం మీద ఉండాలో చెప్పే అధికారం ఉమ్మడి జాబితా 35వ పద్దు కింద కేంద్రానికి కూడ ఉన్నది. పాత రాష్ట్రంల కట్టింది కొత్త రాష్ట్రంల లెక్కల తీసెయ్యాలె అనే ఒక్క సూత్రం పెడితే సరిపోతది. అమెరికాల ఒక రాష్ట్రంల కొన్నప్పుడు కట్టిన పన్నును చాలా రాష్ట్రాలు తమ లెక్కల తగ్గిస్తయి. మనకాడ 2021ల భారత్ సిరీస్ అని తెచ్చిండ్రు. ఎవరికి? సర్కారు ఉద్యోగులకు, నాలుగు రాష్ట్రాల్ల ఆఫీసులున్న కంపెనీల ఉద్యోగులకు. తొర్రూరు రైతుకు నాలుగు రాష్ట్రాల్ల ఆఫీసులుంటయా? సోలాపూర్ నేతన్నకుంటయా? బతుకుదెరువు కోసం రాష్ట్రాలు దాటేది ఎక్కువగ వాళ్లే. ఆ సిరీస్ల లేనిదీ వాళ్లే.

పాతదంటే చెత్త, మరీ పాతదంటే వైభవం

ఇంకో విచిత్రం చూడుండ్రి. 2021 జూలైల కేంద్రం వింటేజ్ బండ్లకు నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏండ్లు దాటినయి, అసలు రూపం చెడనియి మాత్రమే వింటేజ్. కొత్తగ రిజిస్టరు చేస్తే 20 వేల ఫీజు, వీఏ అక్షరాలతో నంబరు, పదేండ్ల గడువు. ప్రదర్శనకో, ర్యాలీకో తప్ప రోజువారీ తిరగొద్దు. చౌమహల్లా ప్యాలెస్ల ఉన్న రోల్స్ రాయిస్ లాంటి బండ్లకు ఈ లెక్క సరిపోతది. మరి 40 ఏండ్ల పద్మినికి? అది వింటేజ్ కాదు. చట్టం కండ్లల్ల అది ఉత్త పాత బండి. 15 ఏండ్లు దాటిన కారుకు రెన్యూవల్ ఫీజు 2022 ఏప్రిల్ దాకా 600 ఉండె, ఒక్క దెబ్బకు 5 వేలు చేసిండ్రు. 20 ఏండ్లు దాటితే 10 వేలని 2025 ఆగస్టుల పెంచిండ్రు. అంటే మధ్యతరగతి కొన్న కారు స్క్రాపుకు పోవాలె, రాజుల కారు ప్రదర్శనకు పోవాలె. జర్మనీల 30 ఏండ్లు దాటిన బండిని చరిత్ర బండిగ గుర్తించి నంబరు చివర హెచ్ అక్షరం ఇస్తరు. బ్రిటన్ల 40 ఏండ్లు దాటితే రోడ్డు పన్నే లేదు. 30కి, 50కి నడుమ ఉన్న బండ్లకు మన చట్టంల ఒక గడి కూడ లేదు. ఆ నడుమ ఉన్నయి ఎవరివి? పద్మినిలు, అంబాసిడర్లు, జీపులు. మన డాక్టర్లవి, టీచర్లవి, అద్దె డ్రైవర్లవి. మన నాయినలవి.

నిజాం జమానాల ముల్కీ అనిపించుకోవాలంటే 15 ఏండ్లు ఇక్కడ బతకాలె. ముల్కీ రూల్ ఎందుకు పెట్టిండ్రు? బలమున్నోడు వచ్చి బలం లేనోని కొలువు గుంజుకోవద్దని. 1952ల పిల్లలు తూటాలకు ఎదురు నిలిచింది గా హక్కు కోసమే. మరి ఈ పద్మిని ఎవరి కొలువు గుంజుకున్నది? ఎవరి నీళ్లు తాగింది? ఇక్కడి నుంచి వలసపోయినోని బండి ఇంటికొస్తే దాన్ని నాన్ ముల్కీ చేసి నిలబెట్టుడేంది?

ఉద్యోగ మిత్రులారా!

ఈ పత్రిక చదివేటోళ్లల్ల ఉద్యోగులు చాలా మంది ఉన్నరు. సకల జనుల సమ్మె 42 రోజులు నడిచింది. 2011 సెప్టెంబర్ 13 నుంచి అక్టోబర్ 24 దాకా. మీ జీతాలు ఆగినయి. అప్పుడు మేము చదువుకునే పిలగాండ్లం. ఊరూరు తిరిగి బియ్యం జమచేసి మీ శిబిరాలకు తెచ్చినోళ్లం. మీ పక్కన కూర్చొని పాటలు పాడినోళ్లం. కిటికీకి అవతల మీరు, ఇవతల మేము అనే గీత అప్పుడు లేదు. ఇప్పుడెందుకు ఉన్నది? మీ మీద పని భారం ఉన్నదని తెలుసు. ఖాళీలు నింపలేదని తెలుసు. సాఫ్ట్‌వేర్ మీ చేతుల లేదని కూడ తెలుసు. కానీ "కాదు" అన్న మాట కాగితం మీద రాసి సంతకం పెట్టుడు మీ చేతులనే ఉన్నది. అది రాయకపోవుడు వల్లనే ఏజెంటు బతుకుతున్నడు. నోటి మాటతోని తిప్పి పంపిన ప్రతి మనిషీ ఏజెంటు దగ్గరికే పోతడు.

మేము అడిగేది ఐదు ముక్కలు. 30 రోజులు దాటితే ఎన్‌వోసీ దానంతట అదే రావాలె, చట్టంల ఉన్నది కంప్యూటర్లకు ఎక్కాలె. రికార్డుల తప్పుంటే ఆఫీసుకు ఆఫీసు రాసుకొని దిద్దుకోవాలె, ఫైలు తిరగాలె గని మనిషి తిరగొద్దు. 15 ఏండ్లు దాటి పన్ను బాకీ లేని బండికి మళ్ల లైఫ్ ట్యాక్స్ వద్దు, కొత్త బండ్లకు కట్టింది లెక్కల తీసెయ్యాలె. 30 నుంచి 50 ఏండ్ల బండ్లకు సొంత తరగతి, మోయగలిగే ఫీజు కావాలె. అమ్మినోడు ఫారం 29 ఇచ్చి రసీదు తీసుకున్న రోజు నుంచి వాని బాధ్యత తీరాలె. మొదటి రెండింటికి కొత్త చట్టం అక్కర్లేదు, మనసుంటే చాలు. మూడోది మన అసెంబ్లీ చెయ్యొచ్చు. చివరి రెండు ఢిల్లీల తేలాలె, దానికి మన ఎంపీలున్నరు.

ఇటువంటి బండి, స్కూటరు, ట్రాక్టరు కాగితం లేక నిలబడ్డ ఇల్లు ప్రతి ఊర్ల ఒకటుంటది. వాళ్లందరినీ అడుగుతున్నం. దరఖాస్తు ఇచ్చిన ప్రతిసారి రసీదు అడుగుండ్రి. కాదంటే ఎందుకు కాదో రాసియ్యమనుండ్రి. రాసియ్యకపోతే సమాచార హక్కు కింద మీ ఫైలు ఎక్కడున్నదో అడుగుండ్రి. మేము ఆ దరఖాస్తు కూడ వేసినం. జవాబుకు గడువు 30 రోజులే.

12 నెలల్ల తొమ్మిది అయిపోయినయి. మిగిలింది మూడు. ఈ మూడు నెలల్ల ఆ 8 మళ్ల 3 కావాలె. అయిన రోజు మేము సోలాపూర్‌కు ఫోన్ చేస్తం. అప్పటిదాకా ప్రతి సోమవారం ఫైలు పట్టుకొని ఆ కిటికీ ముందు నిలబడుతం.